ఒక సెమిస్టర్ కొండల్లో: తిరుపతి నుంచి విదేశీ ఔట్‌డోర్ లీడర్‌షిప్ కోర్సుకు వెళ్లాలనుకునేవారికి సమగ్ర మార్గదర్శి

ఆదివారం తెల్లవారుజామున శ్రీవారి మెట్టు దగ్గర నాతో నడవడానికి కొందరు కాలేజీ పిల్లలు వస్తుంటారు. దాదాపు అందరూ మొదట అడిగేది ఒకటే: "అక్కా, ఆ కోర్సుకు వెళ్లాలంటే ఎంత ఫిట్‌గా ఉండాలి?" ఫిట్‌నెస్ ముఖ్యమే. కానీ మా చంద్రగిరి నుంచి న్యూజిలాండ్ దాకా వెళ్లి ఒక సెమిస్టర్ కొండల్లో, నదుల పక్కన గడిపి వచ్చిన నాకు అది నాలుగో ప్రశ్న. కాలేజీ ఒప్పుకోవడం, డబ్బు, ఇంట్లోవాళ్లు దానికంటే ముందు వస్తాయి. అన్నిటికంటే కష్టమైనది మన మొహమాటం. దాని గురించి కాస్త ఎక్కువే చెబుతాను, ఎందుకంటే నన్ను దెబ్బతీసింది అదే.

అసలు ఈ కోర్సులో ఏం నేర్పుతారు?

ట్రెక్కింగ్ టూర్‌కూ దీనికీ పోలిక లేదు. టూర్‌లో గైడ్ ముందు నడుస్తాడు, వంటవాడు వండుతాడు, మనం ఫొటోలు తీసుకుంటాం. ఇక్కడ పది పదిహేను మంది విద్యార్థులు, ఇద్దరు ముగ్గురు శిక్షకులు వారాల తరబడి అడవిలోనే ఉంటారు. మ్యాప్ చూసి దారి తీయడం, టెంట్ వేయడం, స్టవ్ మీద వండుకోవడం, వాగు దాటాలా వద్దా తేల్చుకోవడం, దెబ్బ తగిలినవారిని చూసుకోవడం అన్నీ విద్యార్థుల పనే. రోజుకొకరు నాయకులు. సాయంత్రం అందరూ గుండ్రంగా కూర్చుని ఆ రోజు నాయకత్వం ఎలా సాగిందో ముఖం మీదే చెప్పుకుంటారు.

ఈ పద్ధతికి రెండు మూలాలున్నాయి. 1941లో కర్ట్ హాన్, లారెన్స్ హోల్ట్ వేల్స్‌లోని అబర్‌డోవీలో ఔట్‌వర్డ్ బౌండ్ అనే సాహస శిక్షణ స్కూలు మొదలుపెట్టారు. 1965లో పాల్ పెట్జోల్ట్ అమెరికాలోని వయోమింగ్ రాష్ట్రం, లాండర్ పట్టణంలో నేషనల్ ఔట్‌డోర్ లీడర్‌షిప్ స్కూల్ స్థాపించారు. దాన్నే అందరూ నోల్స్ అంటారు. సెమిస్టర్ కోర్సులు, కాలేజీ క్రెడిట్లు అనగానే ఎక్కువగా వినిపించే పేరు అదే. అక్కడ నాయకత్వాన్ని నాలుగు పాత్రలుగా విడదీసి చెబుతారు: ఆ రోజు నాయకుడిగా ఉండటం, తోటివారితో సమానంగా పని పంచుకోవడం, వేరొకరు నాయకుడిగా ఉన్నప్పుడు చురుకుగా సహకరించడం, తనను తాను చూసుకోవడం. చివరి రెండూ చిన్నవిగా కనిపిస్తాయి. కానీ జట్టు నిలబడేది, కూలేది వాటి దగ్గరే.

మొదటి అడుగు: దారి ఎంచుకోవడం

దారులు మూడు. ఒకటి, పైన చెప్పినలాంటి ఔట్‌డోర్ లీడర్‌షిప్ ప్రత్యేక స్కూల్లో సెమిస్టర్ కోర్సు. రెండు, మీ యూనివర్సిటీకి విదేశీ యూనివర్సిటీతో ఎక్స్‌ఛేంజ్ ఒప్పందం ఉంటే, అక్కడి ఔట్‌డోర్ ఎడ్యుకేషన్ విభాగంలో ఒక సెమిస్టర్. నార్వేలో ప్రకృతిలో గడపడాన్ని ఫ్రిలుఫ్ట్‌స్లివ్ అంటారు. ఎవరైనా అడవుల్లో, కొండల్లో స్వేచ్ఛగా నడిచే హక్కును 1957లోనే చట్టం చేసిన దేశం అది. అక్కడి ప్రభుత్వ యూనివర్సిటీల్లో మనలాంటి దేశాలవారికి 2023 నుంచి ఫీజులు మొదలయ్యాయి. ఒప్పందం కింద వెళ్లే ఎక్స్‌ఛేంజ్ విద్యార్థులకు మాత్రం అవి వర్తించవు. కాబట్టి డబ్బు లేనివారు ముందు తమ యూనివర్సిటీ ఇంటర్నేషనల్ రిలేషన్స్ ఆఫీసు తలుపు తట్టాలి.

మూడోది మన దేశంలోనే ఉంది. డార్జిలింగ్‌లోని హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్ 1954లో, ఉత్తరకాశీలోని నెహ్రూ ఇన్‌స్టిట్యూట్ 1965లో మొదలయ్యాయి. వాటిలో బేసిక్ కోర్సు సుమారు నెల రోజులు. ఫీజు విదేశీ కోర్సుతో పోలిస్తే చాలా తక్కువ. విదేశానికి వెళ్లాలనుకునేవారు కూడా వీలైతే ముందు ఇది చేయాలని నా గట్టి అభిప్రాయం. చలి, బరువు, తోటివారితో ఒకే టెంట్‌లో పడుకోవడం మీకు పడతాయో లేదో అక్కడే తెలిసిపోతుంది. లక్షలు కట్టి వెళ్లాక తెలియడం కంటే అది నయం.

రెండో అడుగు: కాలేజీతో రాతపూర్వకంగా మాట్లాడుకోవడం

నేను చూసినవాళ్లలో ఎక్కువమంది దెబ్బతిన్నది ఇక్కడే. "సార్ సరేనన్నారు" అనే మాట మీద టికెట్ కొనొద్దు. అటెండెన్స్ 75 శాతం నిబంధన, ఇంటర్నల్ పరీక్షలు, ల్యాబ్‌లు, ప్లేస్‌మెంట్లు అన్నీ ఆ నాలుగు నెలల్లోనే ఉంటాయి. విభాగాధిపతికి దరఖాస్తు ఇచ్చి మూడు ప్రశ్నలకు సంతకంతో సమాధానం తీసుకోండి. బయటి క్రెడిట్లు కలుపుతారా? కలపకపోతే సెమిస్టర్ బ్రేక్ ఇస్తారా? తిరిగొచ్చాక ఏ బ్యాచ్‌తో, ఏ రెగ్యులేషన్ కింద పరీక్ష రాయాలి? దరఖాస్తుతో పాటు కోర్సు సిలబస్, గంటల లెక్క, క్రెడిట్లు ఇచ్చే యూనివర్సిటీ పేరు జతచేయండి. క్రెడిట్లు కలుస్తాయని ఆశపడటం కంటే, కలవవని అనుకుని ఆర్నెల్లు ఆలస్యానికి సిద్ధపడితే టెన్షన్ తగ్గుతుంది. నాకూ కలవలేదు. ఒక సెమిస్టర్ ఆలస్యంగా డిగ్రీ పట్టా అందుకున్నాను.

కాలం లెక్క కూడా చూసుకోండి. భూమధ్యరేఖకు దక్షిణాన ఋతువులు తలకిందులు. మనకు సంక్రాంతి వచ్చేసరికి న్యూజిలాండ్‌లో నడి వేసవి. మన రెండో సెమిస్టర్ బ్రేక్ తీసుకునేవారికి అటువైపు సరిపోతుంది. మొదటి సెమిస్టర్ వదులుకునేవారికి అమెరికా ఆకురాలు కాలపు కోర్సులు కుదురుతాయి.

మూడో అడుగు: డబ్బు, వీసా

ప్రత్యేక స్కూల్లో ఫీజు, విమానం, సామాన్లు, ఇన్సూరెన్స్ కలిపితే పది లక్షల రూపాయలు దాటుతుందనుకునే లెక్క మొదలుపెట్టండి. ఆర్థిక స్థితిని బట్టి స్కాలర్‌షిప్‌లు ఇచ్చే స్కూళ్లున్నాయి, నోల్స్ వాటిలో ఒకటి. అడగడానికి సిగ్గుపడొద్దు. నాన్న జీతం, ఇంటి ఖర్చులు, మనం పెట్టగలిగే మొత్తం దాచకుండా రాయాలి. బ్యాంకులు డిగ్రీ రాని చిన్న కోర్సును పెద్ద చదువులా చూడవు, కాబట్టి లోన్ సంగతి అడ్మిషన్‌కు ముందే మేనేజర్‌తో తేల్చుకోండి.

పాస్‌పోర్ట్‌కు తిరుపతిలోనే సేవా కేంద్రం ఉంది. వీసా కోర్సు పొడవును బట్టి మారుతుంది. న్యూజిలాండ్‌లో మూడు నెలల లోపు చదువుకు విజిటర్ వీసా చాలు, దాటితే స్టూడెంట్ వీసా కావాలి. కెనడాలో ఆర్నెల్ల లోపు కోర్సుకు స్టడీ పర్మిట్ అక్కర్లేదు, దేశంలోకి వెళ్లే వీసా మాత్రం తప్పదు. అమెరికాలో డిగ్రీకి కలిసే చదువు విజిటర్ వీసా మీద కుదరదు. దానికి ఎఫ్-1 అనే స్టూడెంట్ వీసా, అంతకంటే ముందు మనల్ని చేర్చుకున్నట్టు స్కూలు ఇచ్చే ఐ-20 పత్రం కావాలి. ఆ పత్రం తాము ఇవ్వగలరో లేదో ఫీజు కట్టకముందే స్కూలు చేత ఈమెయిల్‌లో రాయించుకోండి.

ఇన్సూరెన్స్‌లో ఒక్క మాట వెతకండి: మారుమూల కొండల నుంచి హెలికాప్టర్‌లో తరలించే ఖర్చు కలిసి ఉందా? మామూలు ట్రావెల్ పాలసీల్లో చాలావాటిలో కొండెక్కడం మినహాయింపుల జాబితాలో ఉంటుంది. న్యూజిలాండ్‌లో ప్రమాదంలో గాయపడితే సందర్శకులకు కూడా ఏసీసీ అనే అక్కడి ప్రభుత్వ ప్రమాద పరిహార పథకం చికిత్సకు సాయం చేస్తుంది. జబ్బుకు, ఇంటికి తిరిగి పంపడానికి అది వర్తించదు.

నాలుగో అడుగు: అమ్మానాన్నలను ఒప్పించడం

మా నాన్న తిరుమల ఘాట్ రోడ్డు మీద బస్సు నడిపేవారు. ఆడపిల్లను అడవికి పంపడమా అని అమ్మ ఏడ్చింది. నేను మాలావత్ పూర్ణ సంగతి చెప్పాను. 2014 మే 25న, పద్నాలుగేళ్లు కూడా నిండకుండానే ఎవరెస్ట్ ఎక్కిన మన తెలుగమ్మాయి. నాన్న గర్వంగా విన్నారు. పంపను అన్నారు. ఎవరెస్ట్ మాట ఎత్తితే తల్లిదండ్రుల భయం పెరుగుతుందే కానీ తగ్గదు, ఆ పొరపాటు మీరు చేయకండి.

ఆయన్ను ఒప్పించింది ఒక కాగితం. స్కూలు నుంచి వాళ్ల భద్రతా ప్రణాళిక తెప్పించి తెలుగులో రాసి ఇచ్చాను. ఎంతమందికి ఎందరు శిక్షకులు, శాటిలైట్ ఫోన్ ఎవరి దగ్గర ఉంటుంది, దెబ్బ తగిలితే ఎన్ని గంటల్లో ఆసుపత్రికి చేరుస్తారు, వానొస్తే ఏ వాగు దాటరు. నాన్న రెండుసార్లు చదివి, "బండి తీసేముందు బ్రేకులు చూసుకునే మనుషులే" అన్నారు. ఘాట్ డ్రైవర్‌కు అర్థమయ్యే భాష అది. మీ ఇంట్లో ఎవరు ఏ పని చేస్తారో, వాళ్ల పని భాషలో చెప్పండి. వ్యవసాయం చేసే నాన్నకు వాన, వాగు, కరెంటు మోటారు జాగ్రత్తలు తెలుసు. నర్సు అయిన అమ్మకు ఫస్ట్ ఎయిడ్ కిట్ జాబితా చూపించండి.

ఒక విషయం ముందే చెప్పి ఉంచండి. వారాల తరబడి ఫోన్ ఉండదు. కబురు రాకపోతే క్షేమంగా ఉన్నట్టు, కష్టం వస్తే స్కూలే ఫోన్ చేస్తుంది. ఇది మూడుసార్లు చెప్పాలి. అమ్మకైతే ఇంకోసారి.

ఐదో అడుగు: ఆర్నెల్ల ముందు నుంచి మన కొండల మీద సాధన

శేషాచలం ఒడిలో పుట్టడం మన అదృష్టం. శ్రీవారి మెట్టు దారిలో 2,388 మెట్లు, అలిపిరి దారిలో 3,550. మొదటి నెల బరువు లేకుండా వారానికి ఒకసారి శ్రీవారి మెట్టు ఎక్కండి. రెండో నెల నుంచి బ్యాగులో బరువు పెట్టండి. ప్లాస్టిక్ నీళ్ల బాటిళ్లు కొండ మీద నిషేధం, అందుకని బియ్యం మూట కట్టుకోండి. ఐదు కిలోలతో మొదలుపెట్టి నెలకు మూడు నాలుగు కిలోలు పెంచండి. కోర్సులో మోసేది ఇరవై కిలోలు దాటవచ్చు. మోకాళ్లకు అసలు పరీక్ష దిగేటప్పుడు, అందుకే బరువుతో దిగడం మూడో నెల తర్వాతే. అప్పటిదాకా బస్సెక్కి దిగండి.

మెట్ల దారిలో బూట్లతో నడవడం మనలో చాలామందికి మనసొప్పదు, నాకూ అంతే. బూట్ల అలవాటుకు స్వర్ణముఖి ఇసుక, హార్స్‌లీ కొండ ఘాట్ రోడ్డు, ఊళ్ల మట్టిదారులు వాడుకోండి. కొత్త బూట్లతో కనీసం వంద కిలోమీటర్లు నడిచాకే విమానం ఎక్కండి.

అనుమతి లేకుండా అడవిలోకి మాత్రం వెళ్లకండి. శేషాచలంలో ఏనుగులు, చిరుతలు, ఎలుగుబంట్లు ఉన్నాయి. ఎర్రచందనం దొంగల కోసం గస్తీ ఉంటుంది. 2023 ఆగస్టులో అలిపిరి దారిలో చిరుత ఒక చిన్నారిని పొట్టన పెట్టుకుంది. తలకోనలో, ఇతర చోట్ల అటవీ శాఖ తెరిచిన దారుల్లోనే నడవండి. భక్తులు అడవిలోని తీర్థాలకు నడిచి వెళ్లే రోజులు, ఏడాదికోసారి వచ్చే తీర్థ ముక్కోటులు, ఇంకో మంచి అవకాశం. పుష్య పౌర్ణమికి రామకృష్ణ తీర్థం, మాఘ పౌర్ణమికి కుమారధార, ఫాల్గుణ పౌర్ణమికి తుంబురు తీర్థం. భక్తితో వెళ్లండి, అలాగే కళ్లు తెరిచి చూడండి: అలసినవారిని ఎవరు గుర్తిస్తున్నారు, నీళ్లు ఎక్కడ పంచుతున్నారు, ఇరుకు దారిలో గుంపు ఎలా కదులుతోంది.

మ్యాప్ చదవడం ఇక్కడే మొదలుపెట్టవచ్చు. సర్వే ఆఫ్ ఇండియా 1:50,000 మ్యాపులు ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఒకే ఎత్తున్న చోట్లను కలిపే ఎత్తు గీతలు ఎక్కడ దగ్గరగా ఉన్నాయో అక్కడ కొండ నిటారుగా ఉన్నట్టు. నడకకు పట్టే సమయానికి 1892లో స్కాట్లాండ్‌కు చెందిన విలియం నైస్మిత్ ఒక లెక్క చెప్పాడు: ప్రతి 5 కిలోమీటర్లకు గంట, ఎక్కే ప్రతి 600 మీటర్లకు ఇంకో గంట. అలిపిరి దారి సుమారు 9 కిలోమీటర్లు, ఎక్కుడు దాదాపు 700 మీటర్లు. లెక్క కడితే మూడు గంటలు వస్తుంది. గడియారం పెట్టుకుని నడవండి. మీకు మూడున్నర పడితే మీ లెక్క అది. జట్టుకు దారి ప్రణాళిక వేసేటప్పుడు ఆ నిజాయితీ పనికొస్తుంది.

దిక్సూచి విషయంలో ఒక హెచ్చరిక. తిరుపతిలో దిక్సూచి ముల్లు చూపే అయస్కాంత ఉత్తరానికి, మ్యాప్‌లోని అసలు ఉత్తరానికి తేడా రెండు డిగ్రీలకు లోపే, పట్టించుకోకపోయినా నడుస్తుంది. న్యూజిలాండ్ దక్షిణ ద్వీపంలో అది ఇరవై డిగ్రీలు దాటుతుంది. మరిచిపోయి కిలోమీటరు నడిస్తే చేరాల్సిన చోటికి దాదాపు 350 మీటర్లు పక్కకు పోతాం. అక్కడ ధ్రువ నక్షత్రం కనబడదు, మధ్యాహ్నం సూర్యుడు ఉత్తరాన ఉంటాడు. మొదటి వారం నా తల తిరిగిపోయింది.

ఆరో అడుగు: చలి, బట్టలు, తిండి

నలభై డిగ్రీల ఎండ మనకు తెలుసు, తడి చలి తెలియదు. శరీరం లోపలి వేడి 35 డిగ్రీల కంటే తగ్గితే హైపోథెర్మియా అంటారు. దానికి మంచు అక్కర్లేదు. పది డిగ్రీల వానలో, గాలిలో తడిసి కూర్చున్నా చాలు. గుర్తులు: వణుకు, మాట తడబడటం, అడుగు తడబడటం, వేళ్లతో జిప్ వేసుకోలేకపోవడం. మనిషి "నాకేం కాలేదు" అంటూనే ఉంటాడు. వెంటనే తడి బట్టలు మార్చి, పొడి స్లీపింగ్ బ్యాగులో పెట్టి, తెలివిలో ఉంటే తీపి వేడి పానీయం ఇవ్వాలి.

అందుకే మనకు ప్రాణమైన కాటన్‌ను ఇంట్లోనే వదలండి. తడిస్తే ఆరదు, ఒంటి వేడిని లాగేస్తుంది. లోపల ఉన్ని లేదా సింథటిక్, మధ్యలో ఫ్లీస్, పైన గాలివాన ఆపే జాకెట్. ఖరీదైనవన్నీ కొనక్కర్లేదు, చాలా స్కూళ్లలో అద్దెకిస్తారు. బూట్లు, సాక్సులు మాత్రం సొంతవి కావాలి.

శాకాహారులు దరఖాస్తులోనే స్పష్టంగా రాయండి. ఎత్తుకు వెళ్లేకొద్దీ నీళ్లు తక్కువ వేడికే మరుగుతాయి, 3,000 మీటర్ల దగ్గర దాదాపు 90 డిగ్రీలకే. కందిపప్పు ఎంతసేపటికీ ఉడకదు. ఎర్రపప్పు, అటుకులు, చెనిక్కాయలు మేలు. అమ్మ కట్టిన ఊరగాయ, పొడుల సంగతి: న్యూజిలాండ్‌లో దిగగానే తినే వస్తువు ప్రతిదీ ఫారంలో చూపించాలి. చూపించకుండా దొరికితే అక్కడికక్కడే 400 న్యూజిలాండ్ డాలర్ల జరిమానా. బూట్లకు, టెంట్‌కు మట్టి ఉన్నా ఆపుతారు. స్వర్ణముఖి ఇసుక కడిగేసి వెళ్లండి.

వెళ్లేముందు పళ్ల డాక్టర్‌కు చూపించుకోండి. అడవిలో పంటి నొప్పి వస్తే వెనక్కి నడవడమే దారి. ఆస్తమా, అలర్జీ, వాడే మందులు మెడికల్ ఫారంలో దాచొద్దు. అమ్మాయిలకు: మెన్‌స్ట్రువల్ కప్ వాడాలనుకుంటే నాలుగు నెలల ముందే ఇంట్లో అలవాటు చేసుకోండి. ప్యాడ్లు వాడితే వాడినవి మూసే సంచిలో వెనక్కి మోసుకురావాలి, పూడ్చడం కుదరదు. మల విసర్జనకు నీటికి 200 అడుగుల దూరంలో, అంటే దాదాపు 70 అంగల్లో, ఆరేడు అంగుళాల గుంట తవ్వాలి. మొదటి రెండు రోజులు ఇబ్బందే, తర్వాత మామూలే.

ఏడో అడుగు: మొహమాటం వదలడం

రెండో వారంలో నా మడమ మీద బొబ్బ లేచింది. ఆగమంటే అందరికీ ఆలస్యమవుతుందని చెప్పలేదు. ఇద్దరు "బాగున్నావా?" అని అడిగారు, నవ్వి తలూపాను. మూడో రోజుకు బొబ్బ పగిలి చీము పట్టింది, అడుగు వేయలేకపోయాను. నా బరువు నలుగురు పంచుకున్నారు, జట్టంతా ఒక రోజు ఆగిపోయింది, అనుకున్న కనుమ దాటలేకపోయాం. ఆ సాయంత్రం శిక్షకురాలు తిట్టలేదు. "మడమ వేడిగా అనిపించిన మొదటి నిమిషంలో చెప్పి ఉంటే పది నిమిషాలు ఆగి ప్లాస్టర్ వేసుకుని వెళ్లేవాళ్లం" అంది. నేను ఇతరుల మేలు కోరి దాచాననుకున్నాను. నా ముఖం చిన్నబోకూడదని దాచాను.

మన పెంపకంలో ఇది చాలా లోతుగా ఉంది. ఇంకాస్త అన్నం కావాలని అడగం, అర్థం కాలేదని చెప్పం, పెద్దవాళ్ల నిర్ణయం తప్పనిపించినా నోరెత్తం. వాగు ఒడ్డున ఇదే ప్రమాదం. న్యూజిలాండ్‌లో ఒకప్పుడు నదులు దాటుతూ ఎంతమంది చనిపోయేవారంటే, మునిగి చావడాన్ని "న్యూజిలాండ్ మరణం" అనేవారు. జట్టులో ఒక్కరికి నీళ్లు ఎక్కువగా ఉన్నాయనిపించి, అది పైకి చెప్పకపోతే, మిగతావాళ్లు దిగుతారు. నాన్నకు ఈ సంగతి చెబితే, బ్రేకు మెత్తగా ఉందని డిపోలో చెప్పడానికి మొహమాటపడితే యాభై మందితో ఘాట్ దిగుతున్నట్టే అన్నారు.

సాధన ఇలా చేయండి. ఆదివారం నడకలో నలుగురైదుగురు కలిసి, ఒక్కొక్కరు ఒక్కో వారం నాయకత్వం తీసుకోండి. ప్రతి గంటకూ ఆగి ప్రతి ఒక్కరూ మూడు విషయాలు చెప్పాలి: కాళ్లెలా ఉన్నాయి, నీళ్లెన్ని తాగాను, మనసులో భయం ఏమైనా ఉందా. "బాగున్నా" అనే మాట నిషేధం. పైకి చేరాక నాయకుడికి ఒక్కొక్కరు రెండు మాటలు చెప్పాలి. ఫలానా చోట ఫలానా పని చేశావు, దానివల్ల నాకిలా అయింది. "నువ్వు ఎప్పుడూ అంతే" లాంటి మాటలొద్దు. వినేవాళ్లు సమర్థించుకోకుండా థాంక్స్ చెప్పి రాసుకోవాలి. తెలుగులో బాగా వచ్చాక ఇంగ్లిష్‌లో చేయండి. మొదటి వారాల్లో నవ్వులాట అవుతుంది. ఐదారు వారాలకు మాటలు నిజమవుతాయి.

కోర్సులో, తిరిగొచ్చాక

రోజూ రాత్రి అర పేజీ రాయండి: ఈరోజు ఏ నిర్ణయం, ఎవరు తీసుకున్నారు, అప్పుడు మనకు తెలిసిందేమిటి, తెలియనిదేమిటి. ఇంటర్వ్యూల్లో సర్టిఫికెట్ కంటే ఆ పుస్తకమే నాకు అక్కరకొచ్చింది. ఆసుపత్రికి దూరంగా, అడవిలో దెబ్బ తగిలినవారిని చూసుకోవడం నేర్పే వైల్డర్‌నెస్ ఫస్ట్ రెస్పాండర్ శిక్షణ కోర్సులో కలిసి ఉంటే తప్పక తీసుకోండి. సుమారు 80 గంటల ఆ శిక్షణ సర్టిఫికెట్ సాధారణంగా రెండేళ్లు చెల్లుతుంది. కలిసి లేకపోతే 16 గంటల వైల్డర్‌నెస్ ఫస్ట్ ఎయిడ్ అయినా చేయండి.

వచ్చిన నెలలోపే కాలేజీలో క్రెడిట్, బ్రేక్ కాగితాలు సమర్పించి రశీదు తీసుకోండి. ఆ తర్వాత చుట్టాల పిల్లల్నో, జూనియర్లనో నలుగురిని తీసుకుని తలకోన దారిలో ఒక పూట నడవండి. బయలుదేరేముందు ఎక్కడికి వెళ్తున్నారో, ఎన్నింటికి తిరిగొస్తారో, రాకపోతే ఎవరికి ఫోన్ చేయాలో కాగితం మీద రాసి ఇంట్లో ఇవ్వండి. నేను ఇప్పటికీ ఇస్తాను. నాన్న దాన్ని క్యాలెండర్‌కు గుచ్చి, నేను ఇల్లు చేరాక తీసేస్తారు.